కిరణానికి చేయి ధారపోసిన దంతవైద్యుడు – ఎడ్మండ్ కెల్స్

పాకాల అడవులను ఆనుకొని ఉన్న కొత్తగూడ వంటి పల్లెలలో పంటినొప్పికి వైద్యం ఇంటిలోనే మొదలవుతుంది. ఉప్పునీళ్ళు పుక్కిలించడం, లవంగం నొక్కిపెట్టడం, అప్పటికీ తగ్గకపోతే దవడకు గుడ్డ కట్టుకొని రెండు రాత్రులు మేలుకోవడం తాతలనాటినుంచి వస్తున్న ఆనవాయితీ. మూడోనాటికి చెంప వాచి కన్ను మూసుకుపోయేసరికి పట్టణం బస్సు ఎక్కక తప్పదు. అక్కడి దంతవైద్యుడు అగ్గిపెట్టెకంటె చిన్నదైన ఒక పలకను నోటిలో అమర్చి, ఎక్స్‌రే యంత్రపు గొట్టాన్ని చెంపకు ఆనించి, రెప్పపాటులో పని ముగిస్తాడు. ముందుగా తీసేది పన్ను కాదు, పంటి బొమ్మ. ఇది ఇప్పుడు ఎంతో మామూలు సంగతి. కాని దంతాలకు ఎక్స్‌రే ఎట్లా తీయాలో, తీసిన బొమ్మను ఎంతవరకు నమ్మాలో లోకానికి నేర్పినవారిలో ముందు వరుసలో నిలిచిన మనిషి ఆ విద్యకు తన ఎడమచేతిని మూల్యంగా చెల్లించాడు. ఆయన చార్లెస్ ఎడ్మండ్ కెల్స్.

కెల్స్ 1856లో, మన దేశంలో సిపాయిల తిరుగుబాటు జరగడానికి ఒక యేడు ముందు, అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో జన్మించాడు. మిసిసిపీ నది సముద్రంలో కలిసే చోటికి చేరువనున్న రేవు పట్టణమది. తండ్రి కూడా దంతవైద్యుడే. ఆనాటి దంతవైద్యంలో సగం వైద్యం, సగం కంసాలి పని. బంగారు రేకును చిన్న సుత్తితో కొట్టి కొట్టి పంటిగుంటలో కూరాలి. కుట్టుమిషను తొక్కినట్లు కాలితో తొక్కి బరమాను తిప్పాలి. ఎడ్మండ్ ఆ వాతావరణంలోనే పెరిగి, న్యూయార్క్ దంతవైద్య కళాశాలలో చదివి 1878లో పట్టా పుచ్చుకొన్నాడు. థామస్ ఎడిసన్ మెన్లోపార్క్ ప్రయోగశాలలో విద్యుత్తుతో కొత్త కొత్త వింతలు చేస్తున్న రోజులవి. ఆ ప్రయోగశాలతో కలిగిన పరిచయం యువకుడైన కెల్స్ మనస్సులో బలంగా నాటుకొన్నది. స్వస్థలానికి తిరిగివచ్చి వృత్తిలో ప్రవేశించినవాడు తన గదిలోకి విద్యుత్తును తెచ్చి పనిముట్లను నడిపించాడు. దంతవైద్యంలో విద్యుత్తును వాడిన తొలివారిలో ఆయన ఒకడు.

చేయి ఊరకుండనివ్వని స్వభావం ఆయనది. జీవితకాలంలో దాదాపు ముప్పై పేటెంట్లు సంపాదించాడు. నోటిలో చేరే రక్తాన్నీ లాలాజలాన్నీ పీల్చివేసే విద్యుత్ పంపు వాటిలో ఒకటి. దానిని శస్త్రవైద్యులు కూడా ఆదరించారు. మరొక నూతనత్వం యంత్రానికి సంబంధించినది కాదు. 1885లో మల్వీనా క్యూరియా అనే బాలికను ఆయన తన వైద్యశాలలో సహాయకురాలిగా నియమించాడు. మర్యాదస్తుల ఇంటి స్త్రీ తోడు లేకుండా వైద్యుని గదిలోకి వెళ్ళకూడదన్న కట్టుబాటు ఆ సమాజంలో గట్టిగా ఉండేది. లోపల ఒక స్త్రీ ఉన్నదని తెలిసేసరికి ఆడవారు నిస్సంకోచంగా రాసాగారు. నేడు ప్రతి దంతవైద్యశాలలోను కనిపించే సహాయకురాలి ఉద్యోగానికి అది నాందిగా చెబుతారు. ఇంతటితో ఆగినా కెల్స్ పేరు ఆ వృత్తి చరిత్రలో ఒక మూల నిలిచి ఉండేది.

కాని 1895 నవంబరు 8వ తేదీన జర్మనీలోని వూర్ట్స్‌బుర్గ్ నగరంలో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ తన ప్రయోగశాల చీకటిలో ఒక కొత్త కిరణాన్ని కనుగొన్నాడు. అదేమిటో తెలియక బీజగణితంలోని అజ్ఞాతరాశి పేరునే దానికి పెట్టాడు. మాంసాన్ని దాటిపోయి ఎముక నీడను మాత్రం పలకమీద నిలిపే ఆ కిరణం కొద్ది వారాలలో ప్రపంచాన్ని ఊపివేసింది. 1896 జనవరిలోనే బ్రౌన్‌ష్వైగ్ పట్టణపు దంతవైద్యుడు ఆటో వాల్క్‌హాఫ్, నల్లకాగితమూ రబ్బరూ చుట్టిన గాజుపలకను తన నోటిలోనే పెట్టుకొని, మిత్రుడైన రసాయన శాస్త్రజ్ఞుడు గీసెల్ చేత పళ్ళ బొమ్మ తీయించుకొన్నాడు. అందుకు ఇరవై అయిదు నిమిషాలు కదలకుండా పడుకోవలసి వచ్చింది. బడిలో పిల్లలను అయిదు నిమిషాలు మెదలకుండా కూర్చోబెట్టి చూసిన ఉపాధ్యాయులకు ఆ ఇరవై అయిదు నిమిషాల విలువ తెలుస్తుంది.

న్యూ ఆర్లియన్స్‌లో తులేన్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు బ్రౌన్ ఏయర్స్ ఈ కిరణాలను ప్రదర్శించినప్పుడు చూడవచ్చినవారిలో కెల్స్ ఉన్నాడు. తక్కినవారు వింతగా చూసి ఇళ్ళకు వెళ్ళారు. కెల్స్ వెళ్ళి యంత్రం సమకూర్చుకొన్నాడు. కొద్ది నెలలలోనే జీవించి ఉన్న రోగి నోటిలోని దంతాలకు బొమ్మ తీయగలిగాడు. 1896 జూలైలో నార్త్ కరొలైనాలోని ఆష్‌విల్ పట్టణంలో సమావేశమైన దక్షిణ రాష్ట్రాల దంతవైద్య సంఘంవారి ముందు ఆ విధానాన్ని ప్రదర్శించి చూపాడు. ఒక్కొక్క బొమ్మకు అయిదు నుంచి పదిహేను నిమిషాలు పట్టేది. ఆ సేపంతా రోగి తల కదల్చరాదు, నోటిలోని పలక జరగరాదు.

అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. కెల్స్ బుద్ధిబలం బయటపడిందీ ఇక్కడే. ఎక్స్‌రే బొమ్మ ఫోటో వంటిది కాదు, అది నీడ. తాటిచెట్టు మధ్యాహ్నపు ఎండలో మూరెడు నీడను, సాయంకాలం బారలకొద్దీ నీడను పరుస్తుంది. చెట్టు మారలేదు, కిరణం పడే వాలు మారింది. పంటి సంగతీ అంతే. పలక వంకరగా ఉండి కిరణం ఏటవాలుగా వస్తే పొట్టి పన్ను పొడుగై, పొడుగు పన్ను పొట్టిదై కనిపిస్తుంది; ఒక పంటి వేరు ఇంకొకదాని మీద పడి రెండూ ఒకటైపోతాయి. అట్టి బొమ్మను చూసి చికిత్స చేయడం అద్దంలోని వంకర ముఖాన్ని చూసి క్షౌరం చేయడం వంటిది. కెల్స్ మొదటి సంవత్సరంలోనే ఈ సంగతి గ్రహించాడు. పలక పంటికి సమాంతరంగా ఉండాలి, కిరణం పలకకు నిటారుగా పడాలి అన్నది ఆయన పెట్టుకొన్న నియమం. దానికోసం పలకను నోటిలో నిలకడగా పట్టి ఉంచే పిడిని తానే తయారు చేసుకొన్నాడు. రోగి దానిని పళ్ళతో కొరికి పట్టుకొంటే చాలును. వేలితో నొక్కి ఉంచనక్కరలేదు.

ఈ నియమాన్ని పాటించడం అందరికీ సులభం కాలేదు. అంగిలి పల్లంగా ఉన్నవారి నోటిలో పలక పంటికి సమాంతరంగా నిలవదు. అందువలన పోలండు దేశస్థుడైన ఆంటొనీ చెషిన్‌స్కీ 1907లో మరొక ఉపాయం చెప్పాడు. పంటికీ పలకకూ మధ్యనున్న కోణాన్ని సమద్విఖండనం చేసే గీతను ఊహించుకొని, ఆ గీతకు నిటారుగా కిరణాన్ని పంపితే నీడ పంటి పొడుగుకు సరిపోతుంది. పదవ తరగతి రేఖాగణితం చదివిన విద్యార్థి దీనిని కాగితంమీద నిరూపించగలడు. సులభంగా ఉన్నందువలన దశాబ్దాల తరబడి వైద్యులు ఈ మార్గాన్నే అనుసరించారు. కాని ఇందులో ఊహకు పాలు ఎక్కువ. కోణం కాస్త తప్పితే బొమ్మ తప్పుతుంది. కెల్స్ గతించిన పందొమ్మిదేళ్ళకు, 1947లో, గోర్డన్ ఫిట్జెరాల్డ్ పొడుగు గొట్టంతో కిరణాన్ని దూరంనుంచి పంపే పద్ధతిని స్థిరపరచిన తరువాతనే సమాంతర విధానం మళ్ళీ పైకి వచ్చింది. దంతమూలాన్ని ఉన్నదున్నట్లు చూడవలసినప్పుడు నేటి కళాశాలలు మొదట బోధించేది దానినే.

1899లో కెల్స్ చేసిన మరొక పని చిన్నదిగా కనిపిస్తుంది గాని ప్రయోజనం పెద్దది. పంటిలోని నరం చచ్చినప్పుడు వేరు లోపలి సన్నని కాలువను శుభ్రంచేసి నింపాలి. ఆ కాలువ ఎంత లోతున్నదో బయటనుంచి తెలియదు. ముందువైపు పంటిలో ఇట్టి కాలువ కొనదాకా నిండిందో లేదో తేల్చుకోవలసివచ్చినప్పుడు కెల్స్ అందులోకి సీసపు తీగను చొప్పించి బొమ్మ తీశాడు. సీసం కిరణాన్ని పోనివ్వదు కనుక తీగ ఎక్కడిదాకా వెళ్ళిందో తెల్లని గీతగా కనిపించింది. అంతవరకు చేతి అంచనాతో సాగిన పనికి ఆ తీగ కొలబద్ద అయింది. సీసానికి బదులు ఉక్కు సూదులు వచ్చాయి, విద్యుత్తుతో లోతును కొలిచే పరికరాలు వచ్చాయి. అయినా తీగను లోపల ఉంచి బొమ్మ తీసే అలవాటు పోలేదు.

ఇన్ని బొమ్మలు తీసిన చేతికి జరుగుతున్నదేమిటో అప్పటికి ఎవరికీ స్పష్టంగా తెలియదు. ఆనాటి కిరణనాళాలు చపలచిత్తమైనవి. వాడేకొద్దీ నాళంలోని వాయువు మారి కిరణపు పదును మారిపోయేది. ప్రతి రోగికీ ముందు దానిని సరిచూసుకోవాలి. అందుకు అందరూ అవలంబించిన మార్గం తమ చేతినే నాళానికీ మెరిసే తెరకూ నడుమ పెట్టి, తెరమీద వేళ్ళ ఎముకలు చక్కగా కనిపించేదాకా యంత్రాన్ని సర్దడం. కెల్స్ కూడా రోజూ, రోగి తరువాత రోగికి, ఏండ్ల తరబడి అట్లాగే చేశాడు. కిరణం తగిలినప్పుడు నొప్పి లేదు, వేడి లేదు. తగిలిన సంగతే తెలియదు.

హెచ్చరికలు లేకపోలేదు. బోస్టన్ నగరపు దంతవైద్యుడు విలియం రోలిన్స్ 1901లో గినీపందులమీద ప్రయోగించి ఈ కిరణం ప్రాణం తీయగలదని ప్రకటించాడు. నాళానికి సీసపు కప్పు ఉండాలని, రోగి శరీరంలో అవసరమైన భాగానికి తప్ప తక్కిన భాగాలకు కిరణం తగలరాదని చెప్పాడు. ఆ మాటలు చాలాకాలం అరణ్యరోదనం అయ్యాయి. ఎడిసన్ వద్ద ఎక్స్‌రే పనిచేసిన క్లారెన్స్ డాలీ అనే సహాయకుడు రెండు చేతులూ చెడి 1904లో మరణించాడు. ఎడిసన్ ఆ పనినే మానివేశాడు. కెల్స్ మానలేదు. పని మొదలుపెట్టిన పన్నెండేళ్ళు గడిచేసరికి ఆయన ఎడమచేతి చర్మంమీద మానని పుండ్లు పుట్టి రాచపుండుగా మారాయి.

ఆ చేయి ఒక్కసారిగా పోలేదు. ముందు వేళ్ళు, తరువాత అరచేయి, ఆ తరువాత భుజందాకా బాహువు శస్త్రవైద్యుని కత్తికి ఆహుతి అయ్యాయి. ముప్పైకి పైగా శస్త్రచికిత్సలు జరిగాయి. ఒక శస్త్రచికిత్సకూ మరొకదానికీ నడుమ ఆయన రోగులను చూశాడు, వ్యాసాలు రాశాడు, సభలలో మాట్లాడాడు. 1925లో దంతవైద్యులకోసం ఒక పుస్తకాన్ని, 1926లో తన అరవై తొమ్మిదేళ్ళ జీవితానుభవాలను మరొక పుస్తకాన్ని ప్రకటించాడు. వేలాది రోగులు ఎక్స్‌రే వలన బాధలు తీర్చుకొంటున్నప్పుడు తనకు జరిగినదానికి మొరపెట్టుకొనే హక్కు లేదని భావించినవాడాయన.

అట్లని ఎక్స్‌రేను గుడ్డిగా సమర్థించినవాడు మాత్రం కాడు. ఆయన జీవితంలో మిక్కిలి సాహసవంతమైన ఘట్టం, చేయి పోవడంకంటె కూడా, ఇదేనేమో. 1910లో విలియం హంటర్ అనే ఆంగ్ల వైద్యుడు కెనడాలోని మాంట్రియల్ నగరంలో ఒక ఉపన్యాసమిచ్చాడు. పళ్ళలో దాగిన చీమే శరీరంలోని అనేక రోగాలకు మూలమని ఆయన వాదం. అది దావానలంలా వ్యాపించింది. కీళ్ళనొప్పికి పళ్ళు, గుండెజబ్బుకు పళ్ళు, చూపు మందగిస్తే పళ్ళు! న్యూజెర్సీ రాష్ట్రంలోని ట్రెంటన్ మానసిక చికిత్సాలయంలో హెన్రీ కాటన్ అనే వైద్యుడు పిచ్చి కుదర్చడానికని రోగుల పళ్ళు పీకించాడు. ఈ ఉద్యమానికి ఎక్స్‌రే బొమ్మ సాక్షి అయింది. దంతమూలం దగ్గర నల్లని మచ్చ కనిపిస్తే చాలును, వైద్యుడు చీటీ రాసేవాడు, దంతవైద్యుడు పీకేవాడు. బొమ్మలో మచ్చలేని మనిషి ఉండడు. కింది దవడలో నరం బయటికి వచ్చే సహజమైన రంధ్రం ఒకటి ఉన్నది. అది చిన్న దవడపళ్ళ వేరుకొనల చెంతనే ఉండటంవలన బొమ్మలో అచ్చం చీముగడ్డవలె కనిపిస్తుంది. పైదవడలో ముక్కు పక్కనున్న గాలిగది దంతమూలాలమీద నల్లని నీడ పరుస్తుంది. ఈ నీడలు వ్యాధులు కావు, పుట్టుకతో వచ్చినవి. వీటిని పోల్చుకోలేనివారి చేతిలో ఎన్ని నోళ్ళు బోసిపోయాయో!

దీనిని కెల్స్ సహించలేకపోయాడు. 1920లో అచ్చయిన వ్యాసంలో ఈ విచక్షణలేని దంతాకర్షణను ఆ యుగపు మహాపరాధంగా వర్ణించాడు. ఇతర వైద్యుడు ఆజ్ఞాపించినంతమాత్రాన పన్ను తీయరాదని, నిర్ణయించే బాధ్యత దంతవైద్యునిదేనని, అవసరమైతే నిరాకరించాలని తోటివారిని కోరాడు. ఎక్స్‌రేను దంతవైద్యంలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు, దానికోసం అవయవాలను కోల్పోతున్నవాడు, ఆ బొమ్మ చెప్పిందే వేదం కాదని చాటడం ఆనాటివారికి మింగుడుపడని విషయం. ఎందరో కీర్తిమంతులు ఆ వెర్రివైపే ఉన్నారు. ఆ సిద్ధాంతపు పట్టు సడలడానికి కెల్స్ మరణం తరువాత కూడా చాలాకాలం పట్టింది. తరువాతి పరిశోధనలు ఆయన సందేహాన్ని మరో వైపునుంచి కూడా బలపరిచాయి. దవడ ఎముకలోని ఖనిజం దాదాపు 30 నుంచి 50 శాతం కరిగిపోతేగాని బొమ్మలో మార్పు కనిపించదు. ఉన్న రోగం కనిపించకపోవచ్చు, లేని రోగం ఉన్నట్లు తోచవచ్చు.

ఏ బొమ్మ దేనికి అన్న వివేకం ఈ తగవులనుంచే పెరిగింది. కెల్స్ జీవించి ఉండగానే, 1925లో, హోవర్డ్ రేపర్ అనే దంతవైద్యుడు పైపళ్ళు కిందిపళ్ళు కలిపి కొరికి పట్టుకొనే ఒక చిన్న రెక్కగల ఫిల్మును ప్రవేశపెట్టాడు. రెండు పళ్ళ నడుమ, కంటికి అందని సందులో పుట్టే పిప్పిని తొలిదశలో పట్టుకోవడానికి అంతకు మించిన సాధనం లేదు. కాని అందులో వేరుకొనలు కనిపించవు. వేరుకొన దగ్గరి చీముకు కెల్స్ నాటి ఒంటిపంటి బొమ్మయే శరణ్యం. దవడ మొత్తంలో వ్యాపించిన తిత్తులు, గడ్డలు, విరుగుళ్ళు, అడ్డంగా పడుకొన్న జ్ఞానదంతాలు చూడాలంటే తలచుట్టూ తిరిగే యంత్రం కావాలి. దానిని ఫిన్లండు దేశస్థుడు యిర్యో పాటెరో 1940ల చివర రూపొందించాడు. అది ఊరి పటం వంటిది. వీధులన్నీ కనిపిస్తాయి గాని ఇంటి గుమ్మం కనిపించదు. 1990ల చివర వచ్చిన శంకు ఆకారపు కిరణపు సి.టి. యంత్రం దవడను మూడు కొలతలలో చూపిస్తుంది. కిరణపు మోతాదు మాత్రం హెచ్చు. ప్రకృతినుంచి మనిషికి ఏడాదికి సగటున 2400 మైక్రోసీవర్టుల వికిరణం తగులుతుంది. ఒక చిన్న దంతచిత్రానికి అది సాధారణంగా పదిలోపు, దవడ మొత్తం చిత్రానికి సుమారు ఇరవై, సి.టి.కి యంత్రాన్నిబట్టి పదులనుంచి వందలదాకా ఉంటుంది. అసలు కిరణమే అక్కరలేని సందర్భాలూ ఉన్నాయి. నల్లగొండ పల్లెలలో ఫ్లోరైడు నీటివలన పళ్ళమీద ఏర్పడిన గోధుమరంగు మచ్చలను పోల్చడానికి కన్ను చాలును. పొగాకు నమిలేవారి బుగ్గలో మొలిచే తెల్లమచ్చ ఎంత ప్రమాదకరమైనదైనా ఎముకను తినేదాకా ఎక్స్‌రేలో కనిపించదు. అక్కడ బొమ్మకోసం ఎదురుచూడటం కాలహరణమే.

ఇవన్నీ చూడటానికి కెల్స్ మిగలలేదు. రాచపుండు భుజాన్ని దాటి పాకింది. కోయడానికి ఇక ఏమీ లేని దశ వచ్చింది. 1928 మే 7వ తేదీన, తాను యాభై ఏళ్ళు వృత్తి సాగించిన నగరంలో, తన వైద్యశాలలోనే, డెబ్బై ఒకటవ యేట ఆయన తన ప్రాణాలను తానే తీసుకొన్నాడు. ఆ ఏడే అంతర్జాతీయ రేడియాలజీ మహాసభ స్టాక్‌హోంలో సమావేశమై, ఎక్స్‌రేతో పనిచేసేవారి రక్షణకు నియమాలు రూపొందించే సంఘాన్ని ఏర్పరచింది. 1936లో జర్మనీలోని హాంబుర్గ్ నగరంలో ఈ కిరణాలకు బలి అయినవారి స్మారకంగా ఒక శిలాస్తంభాన్ని నిలిపినప్పుడు దానిమీద 169 పేర్లు చెక్కారు. ఆ తరువాత మరెన్నో పేర్లు చేర్చవలసి వచ్చింది.

మన దేశంలో ఎక్స్‌రే యంత్రాల వాడకం అణుశక్తి నియంత్రణ మండలి అదుపులో ఉన్నది. నేడు వైద్యశిబిరాలకు మోసుకుపోదగినంత చిన్నవి, చేతపట్టుకొని తీసేవి కూడా తయారవుతున్నాయి. కొత్తగూడ వంటి అడవి పల్లెకు అట్టి యంత్రం వచ్చినప్పుడు దానిని జాగ్రత్తగా చూస్తే గొట్టం కొసన సీసం కలిసిన గుండ్రని పారదర్శక కవచం ఒకటి కనిపిస్తుంది. రోగి ముఖంనుంచి వెనుకకు చెదిరే కిరణాలు పట్టుకొన్నవారి చేతులమీద పడకుండా అది అడ్డుకొంటుంది. నోటిలోని పలకను పట్టి ఉంచేది రోగి కొరికి పట్టుకొన్న చిన్న ప్లాస్టిక్ పిడి. వైద్యుని వేలు అక్కడ ఉండదు.